పాటలకి ఫ్రీ డెమో

నా ఆల్బమ్‌ని పంజాగుట్టలో సీడీలమ్మే దుకాణాయన భక్తి అరలో పెట్టాడు. కావాలని పెట్టలేదు పాపం. "సినిమా పాటలా మేడం?" అని అడిగాడు. కాదన్నాను. "జానపదాలా?" కాదన్నాను. "మరేంది?" అన్నాడు. నేనే రాసి, నేనే బాణీ కట్టి, నేనే గిటార్ వాయిస్తూ పాడానని గర్వంగా చెప్పాను. అతను సీడీని ముందూ వెనకా తిప్పి చూసి, నన్ను కూడా అలాగే ఒకసారి చూసి, "గట్లయితే దేవుని పాటల కాడ పెడ్త. ఆడ జర జాగా ఉన్నది" అన్నాడు.

వారం తిరక్కుండా ఒక పెద్దావిడ దాన్ని వాపసు తెచ్చిందట. పొద్దున్నే పూజ దగ్గర పెట్టుకుంటే, ఎవరో పిల్ల హాస్టల్లో ఉప్మా గురించి మొత్తుకుంటోందని ఫిర్యాదు. నా మొట్టమొదటి విమర్శకురాలు ఆవిడే. ఆ సంగతి విని నేనూ నా రూమ్మేటూ మంచం మీద పడి పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాం. అప్పుడు నా వయసు ఇరవై నాలుగు. అన్నిటికీ నవ్వొచ్చేది, అన్నిటికీ ఒళ్లు మండేది.

ఆ రోజుల్లో నేను అమీర్‌పేటలో జావా చెప్పేదాన్ని. స్తంభం కనబడితే పాంప్లెట్, గోడ కనబడితే బ్యానర్, ఒక్కో బిల్డింగులో పదేసి ఇన్‌స్టిట్యూట్లు. ఊళ్ల నుంచి డిగ్రీ పట్టుకుని దిగినవాళ్లంతా ఏడింటికి ఒక క్లాసు, పదింటికి ఇంకో క్లాసు, మధ్యలో బండి దగ్గర నిలబడి ఒక ప్లేటు ఇడ్లీ. నేనూ కాకినాడ నుంచి అలా దిగినదాన్నే. నేర్చుకోవడానికొచ్చి, ఉద్యోగం రాక, నేర్చుకున్నదాన్నే చెప్పడం మొదలుపెట్టాను. అక్కడ దాన్ని ఎవరూ తప్పు పట్టరు. నిన్నటి స్టూడెంటే ఇవాళ్టి ఫ్యాకల్టీ.

మా ఇన్‌స్టిట్యూట్ మూడో అంతస్తులో ఉండేది. కింద లిఫ్టు తలుపుకి "లిఫ్టు పనిచేయదు" అని ఒక అట్ట వేలాడేది. నేను చేరిన రోజు నుంచీ ఆ అట్ట ఉంది. మధ్యలో పాతబడితే కొత్త అట్ట రాయించారు గానీ లిఫ్టు బాగుచేయించలేదు. నా ఆల్బమ్‌కి ఆ పేరే పెట్టేశాను. ఎనిమిది పాటలు. ఉప్మా మీద ఒకటి, హాస్టల్ ట్యాంకులో నీళ్లయిపోయే వేళ మీద ఒకటి, ఊళ్లో అమ్మకి ఫోన్ చేసుకునే ఎస్టీడీ బూత్ మీద ఒకటి, అన్నీ ఇలాంటివే. చాలా ఏళ్ల తర్వాత ఒక కుర్రాడు "మీది ఇండీ ఫోక్ కదండీ" అన్నాడు. ఓహో, దీనికో పేరు కూడా ఉందా అనుకున్నాను. ఆ మాటేదో అప్పుడే తెలిసుంటే సీడీల దుకాణంలో పరువు దక్కేది.

రికార్డింగ్ మా ఇన్‌స్టిట్యూట్ ల్యాబులోనే, ఆదివారం మధ్యాహ్నాలు. రికార్డు చేసింది నా రూమ్మేట్. కరీంనగర్ పిల్ల, ఒక కంపెనీలో టెస్టింగ్ చేసేది. అంటే వేరేవాళ్ల ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమే దాని ఉద్యోగం, దాని ఆనందం కూడా. ఏసీ వేస్తే రికార్డులో గుర్రుమని వచ్చేది, ఆపితే చెమటకి వేళ్లు తీగల మీద జారేవి. ఆపేసే పాడాను. నాలుగో పాట మధ్యలో కింద కండక్టర్ "సనత్‌నగర్, సనత్‌నగర్" అని కేకేశాడు. నేను తల పట్టుకుంటే, "ఉండనియ్యే, నీ పాట కంటె గదే శ్రుతిల ఉన్నది" అంది. దాన్ని దిండుతో కొట్టడానికి అక్కడ దిండు లేకపోయింది.

సీడీలు చేతికొచ్చాక నాకు కావలసింది ఒక్కరి మాట. ఒక తెలుగు దినపత్రిక ఆదివారం అనుబంధంలో ఒకాయన సంగీతం మీద కాలమ్ రాసేవారు. కాకినాడలో మా నాన్న ఆదివారం టిఫిన్ తింటూ ఆ కాలమ్ పైకి చదివి వినిపించేవాడు. ఆయన బాగుందంటే మా ఇంట్లో ఆ క్యాసెట్టు వచ్చేది, బాగోలేదంటే ఆ పాటగాడు మా గడప తొక్కేవాడు కాదు. అలా పెరిగినదాన్ని. స్కూల్లో పాడితే చుట్టాలంతా ఆహా అన్నా, నాకు మాత్రం ఆ కాలమ్‌లో నా గురించి నాలుగు ముక్కలు పడేదాకా నేను పాడుతున్నది పాటో కాదో తేలనట్టే ఉండేది. పిచ్చే, ఒప్పుకుంటాను. సీడీని కవర్లో పెట్టి పత్రికాఫీసులో స్వయంగా ఇచ్చొచ్చాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం తెల్లారేసరికి పేపర్ స్టాండు దగ్గర నేనే మొదటి బేరం.

ఐదో ఆదివారం పడింది. కాలమ్ అడుగున, మొలల వైద్యం ప్రకటనకి ఆనుకుని, నాలుగంటే నాలుగే వాక్యాలు. గొంతు స్పష్టంగా ఉందట. ఉచ్చారణ మెచ్చదగినదట. "అయితే ఈ యువతి పాఠం చెప్పినట్టు పాడుతుంది. ఇందులో పాఠం ఉంది, పాట లేదు."

అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కడే రోడ్డు మీద నిలబడి పేపర్ వాడితో పోట్లాడాను, అతనేం చేశాడని! హాస్టల్‌కి వచ్చి ముసుగుతన్ని పడుకున్నాను. వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. క్లాసులో జావా చెబుతుంటే మధ్యలో నా గొంతు నాకే వినబడేది. నిజమే కదా, పాఠం చెప్పే గొంతే కదా ఇది, అనిపించి నోట్లో మాట నోట్లోనే ఆగిపోయేది. స్టూడెంట్లు పెన్ను పట్టుకుని ఎదురుచూసేవాళ్లు.

"గట్ల ముక్కు చీదుకుంట ఎన్ని దినాలుంటవే?" అంది రూమ్మేట్. "గాయన సీడీ విన్నడు. నిన్నెప్పుడు విన్నడు? ఎదురుంగ కూసుండవెట్టి పాడు. అప్పుడు సుత నచ్చకపోతే, అప్పుడు ఏడువు. నేను సుత ఏడుస్త, తోడు."

మాట బాగుంది. లేచి కూర్చుని ఉత్తరం మొదలుపెట్టాను. నాలుగు పేజీలు వచ్చింది. మూడు పేజీలు తిట్లే. రూమ్మేట్ చదివి, దాని అలవాటు కొద్దీ తప్పులన్నీ కొట్టేస్తే రెండు వాక్యాలు మిగిలాయి. "సార్, మీరు నా సీడీ విన్నారు, నన్ను వినలేదు. వచ్చే ఆదివారం పదింటికి మా ఇన్‌స్టిట్యూట్‌కి రండి." కింద అడ్రసు. అప్పుడే దాని ముందు ఒట్టు కూడా పెట్టుకున్నాను. ఎదురుగా కూర్చుని విని కూడా ఆయన ఇది పాట కాదంటే, ఇంక జన్మలో పాడను, గిటార్ దానికిచ్చేస్తాను. "నాకెందుకే గది, బట్టలారేసుకుందామన్న తీగలు సాలయి" అంది. కానీ నా మొహం చూసి నవ్వు ఆపేసింది. నేను ఒట్టంటే ఒట్టేనని దానికి తెలుసు.

ఆయన ఇల్లు పంజాగుట్ట చౌరస్తా వెనక సందులో. పత్రికాఫీసు వాచ్‌మన్ చెప్పాడు. దారి పొడుగునా ఆయనతో ఏం మాట్లాడాలో నోటికి పట్టుకుంటూ నడిచాను. బెల్లు కొడితే ఆయనే తలుపు తీశారు. లుంగీ, బనీను, నెత్తి మీదికి తోసిన నల్ల ఫ్రేము కళ్లద్దాలు, మొహానికి సగం సబ్బు నురగ, సగం గీసిన గడ్డం. మా ఇంట్లో తీర్పులు చెప్పిన మనిషిని ఆ అవతారంలో చూసేసరికి నోటికి పట్టుకున్నదంతా ఎగిరిపోయింది.

"ఎవరమ్మా?" అన్నారు.

"పాంప్లెట్ సార్" అన్నాను. కవరు చేతిలో పెట్టి మెట్లు దిగి పరుగెత్తాను. చౌరస్తా దాటేదాకా ఆగలేదు. అమీర్‌పేట గాలి అంత ఒంటబట్టింది మరి.

ఇక హాలు కావాలి. మా ఇన్‌స్టిట్యూట్ నడిపే ఆయన్ని నేను అన్నా అనేదాన్ని. సనత్‌నగర్ మనిషి. వాళ్ల నాన్న అక్కడే ఒక ఫ్యాక్టరీలో పనిచేశాడట. అన్నకి జావాలో ఓనమాలు రావు గానీ మనుషుల్ని పోగెయ్యడం మాత్రం వెన్నతో పెట్టిన విద్య. "అన్నా, ఆదివారం హాలిస్తావా? పాటలు పాడుకుంటాను. ఒకాయన వస్తారు. ఇంకో నలుగురుంటే చాలు" అన్నాను.

"నలుగురేంది మేడం, మీ ఇజ్జత్ ఏం గావాలె? హాలు నింపుత. మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు.

అప్పుడే నాకు అనుమానం రావలసింది. మూడోరోజు పొద్దున టీ బండి పక్క స్తంభం మీద పాంప్లెట్ చూశాను. "ఫ్రీ డెమో! ఫ్రీ డెమో! అమీర్‌పేటలో మొట్టమొదటిసారి! రియల్ టైమ్ ఫ్యాకల్టీ! ఆదివారం ఉదయం పదింటికి. సీట్లు పరిమితం." అంతే. పాట అన్న మాట లేదు, ఆల్బమ్ పేరు లేదు, నేనెవరో లేదు. డెమో అంటే ఫీజు కట్టే ముందు వినిపించే మచ్చు క్లాసు, అది ఏ కోర్సుకో కూడా లేదు!

ఉరికి పైకెక్కాను. మూడంతస్తులూ ఎక్కేసరికి తిట్టడానికి ఊపిరి లేదు.

"ఏంటన్నా ఇది? పాటలని వేయలేదేంటి?"

"పాటలంటె ఎవలొస్తరు మేడం? టీవీల వస్తయి పాటలు."

"పోనీ ఆల్బమ్ పేరన్నా వెయ్యాలి కదా!"

"లిఫ్టు పనిచేయదు అని ఏస్తే ఒక్కడు సుత ఎక్కడు" అన్నాడు. ఆ ముక్క మాత్రం నిజం.

కోర్సు పేరు లేకుండా ఎవడొస్తాడులే అని ధైర్యం చెప్పుకున్నాను. ఇంత కాలం అమీర్‌పేటలో ఉండి కూడా నాకు ఆ ఊరి తత్వం తెలియలేదన్నమాట. అక్కడ ఫ్రీ డెమో అంటే జనం ముందు సీటు పట్టుకుంటారు, కోర్సు పేరు తర్వాత అడుగుతారు. ఏమో, అందరూ నేర్చుకుని మనం ఒక్కళ్లమే మిగిలిపోతామేమోనని భయం. ఆదివారం తొమ్మిదిన్నరకి నేను గిటార్ భుజానేసుకుని వెళ్లేసరికి మెట్ల మీద క్యూ ఉంది. హాల్లో బెంచీకి ఆరుగురు. కిటికీ గట్ల మీద కూర్చున్నారు, గోడలకి ఆనుకున్నారు. ప్రతివాడి ఒళ్లోనూ లాంగ్ నోట్‌బుక్, చేతిలో మూత తీసిన పెన్ను. నన్ను గిటార్‌తో చూసి కూడా ఒక్కడికీ అనుమానం రాలేదు. మొదటి బెంచీ అమ్మాయి మాత్రం "మేడం, ల్యాబ్ సెపరేట్‌గా ఉంటుందా?" అని అడిగింది.

రూమ్మేట్ తలుపు దగ్గర ఫీడ్‌బ్యాక్ ఫారాలు పంచుతోంది. ప్రతి డెమోకీ పంచే ఫారాలే. పేరు, ఫోన్ నంబరు, సబ్జెక్ట్ నాలెడ్జ్, వాయిస్, డౌట్స్ తీర్చారా, చివర్న "జాయిన్ అవుతారా?" నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తున్నాయి. సరిగ్గా పదింటికి తలుపు దగ్గర నల్ల ఫ్రేము కళ్లద్దాలు కనిపించాయి. వచ్చారు! మూడంతస్తులెక్కి ఆయాసపడుతూ, చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ. రూమ్మేట్ ఆయనెవరో తెలియక ఆయన చేతిలోనూ ఒక ఫారం పెట్టి, "లాస్ట్ బెంచిల జర జరుగుండ్రి, సార్‌ను కూసోనియ్యుండ్రి" అంది. ఆయన వెళ్లి ముగ్గురు కుర్రాళ్ల మధ్య ఇరుక్కున్నారు.

అన్న మైకు తీసుకున్నాడు. "మన మేడం గారికి ఆరేండ్ల రియల్ టైమ్ ఎక్స్‌పీరియన్స్" అన్నాడు. రియల్ టైమ్ అంటే కంపెనీలో నిజంగా పనిచేసిన అనుభవం అని అర్థం. దేంట్లోనో చెప్పలేదు. హాలంతా చప్పట్లు.

ఉప్మా పాట పాడాను. అయిపోయింది. తలెత్తి చూస్తే ఒక్కరూ నన్ను చూడటం లేదు. అందరూ తలలు వంచుకుని రాసుకుంటున్నారు! పల్లవి, చరణం, పల్లవి, పొల్లు పోకుండా రన్నింగ్ నోట్సు. ఎవరో చెయ్యెత్తి, "మేడం, సెకండ్ పాయింట్ ఒకసారి రిపీట్ చేస్తారా?" అన్నాడు. రిపీట్ చేశాను. ఇంకేం చేస్తాను, అలవాటు! రెండో చరణం పాయింట్లు పాయింట్లుగా మళ్లీ పాడాను. ఇంకొకడు, "ఇది ఎగ్జామ్‌లో వస్తుందా మేడం?" అన్నాడు. వెనక బెంచీలో కళ్లద్దాలు కదలడం లేదు. ఆయన రాసిన మాటని నా చేత్తో నేనే నిజం చేసి చూపిస్తున్నాను. పాఠం ఉంది, పాట లేదు. చెవులు కాలిపోయాయి.

అప్పుడు కిటికీ గట్టు మీద నుంచి ఒకతను అడిగాడు. అందరూ పెన్నులు ఆపి నా జవాబు కోసం చూశారు. "మేడం, దీనికి స్కోప్ ఉందా?"

అమీర్‌పేట పుట్టిన దగ్గర్నుంచి ఈ ప్రశ్నకి ఒకటే జవాబు. మస్తు స్కోప్ ఉంది, వచ్చే పదేళ్లూ దీనిదే. అన్న నాకు కళ్లతో సైగ చేస్తున్నాడు. నాకు మాత్రం తిక్క రేగింది. పోతే పోయింది పరువు అనుకున్నాను.

"లేదు" అన్నాను. "దీనికి అస్సలు స్కోప్ లేదు. ఉద్యోగం రాదు. ఇవి పాటలు. నేను రాసుకున్నవి. నన్ను క్షమించండి, వెళ్లేవాళ్లు వెళ్లొచ్చు."

ఎవరో కిసుక్కుమన్నారు, పక్కవాడందుకున్నాడు, చూస్తుండగానే హాలు హాలంతా నవ్వు. బల్లలు చరిచారు, ఈలలేశారు. స్కోప్ లేదని చెప్పిన ఫ్యాకల్టీని వాళ్లు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. "పాడుండ్రి మేడం, ఆదివారమే గదా!" అని ఎవరో అరిచారు. వెళ్లినవాళ్లు నలుగురైదుగురు, అంతే. వాళ్ల సీట్లలోకి మెట్ల మీదవాళ్లొచ్చారు.

అప్పుడు ఎస్టీడీ బూత్ పాట ఎత్తుకున్నాను.

తిన్నానమ్మా తిన్నాను, ఏం తిన్నానో అడక్కు
వస్తుందమ్మా వస్తుంది, ఎప్పుడొస్తుందో అడక్కు

రెండోసారి పల్లవికొచ్చేసరికి "అడక్కు!" అని హాలంతా అంది. నోట్సు ఉంది కదా వాళ్ల దగ్గర, చూసి పాడేస్తున్నారు! చరణం నేను పాడటం, "అడక్కు" వాళ్లు అరవడం. కిటికీ బయట ఎదురు బిల్డింగు ఇన్‌స్టిట్యూట్‌లో జనం కూడా తొంగి చూశారు. నాకు ఒళ్లు తెలియలేదు. నవ్వుతూ పాడాను, పాడుతూ ఏడ్చాను, శ్రుతి ఎటు పోయిందో దేవుడికే తెలియాలి. ఎనిమిది పాటలూ అయ్యాక మళ్లీ ఆ పాటే అడిగి ఇంకో రెండుసార్లు పాడించారు. వెనక బెంచీ వైపు చూద్దామంటే, ముందువాళ్లంతా లేచి నిలబడి చేతులూపుతున్నారు. ఆయన వింటున్నారో, చెవులు మూసుకున్నారో, అసలున్నారో లేదో కనబడలేదు.

అంతా అయ్యాక అన్న మైకు లాక్కుని, ఏ డెమో చివరైనా అనేదే అనేశాడు. "రేపు పొద్దుగాల ఏడు గంటలకు ఫస్ట్ క్లాస్. జాయినయ్యేటోళ్లు లేటు చెయ్యకుండ్రి!"

"ఏం క్లాసన్నా? క్లాసెక్కడిది?" అని చెయ్యి గిల్లాను.

"అలవాట్ల అన్న మేడం" అని నాలిక్కరుచుకున్నాడు.

హాలు ఖాళీ అయ్యాక ఫారాల అట్టపెట్టె నేల మీద బోర్లించి ముగ్గురం కూర్చున్నాం. వెనక బెంచీ ఎప్పుడో ఖాళీ. ఆయన ఏం రాశారో అదొక్కటే నాకు కావాలి. సగం మంది పేర్లు రాయలేదు, రాస్తే అన్న రోజూ ఫోన్లు చేసి చంపుతాడని. "వాయిస్ క్లియర్. బోర్డు వాడలేదు." కాదు, ఇది ఆయనది కాదు. "సిలబస్ కంప్లీట్ చేశారు, గుడ్." ఇదీ కాదు. "ఫ్యాన్లు తిరగడం లేదు." ఒకదాంట్లో "రెండో టాపిక్ అయ్యాక కిందికెళ్లి ఇంటికి ఫోన్ చేసి మళ్లీ వచ్చాను" అని ఉంది. దాన్ని చదివి కాసేపు ఇంకోటి తియ్యలేకపోయాను. రూమ్మేట్ ముక్కు ఎగబీల్చింది. అన్ని ఫారాలూ రెండుసార్లు తిరగేశాం. ఆయనది లేదు. ఇవ్వకుండానే వెళ్లిపోయారు.

"అంటే నచ్చలేదు" అన్నాను. "అంత జరిగినా ఒక్క ముక్క రాయాలనిపించలేదు."

గిటార్ అక్కడే ల్యాబులో గోడకి ఆనించి వచ్చేశాను. హాస్టల్‌కి తీసుకెళ్లడానికి చేతులు రాలేదు. ఆ రోజంతా సంతోషమూ దిగులూ ఒకదాన్నొకటి నెట్టుకుంటూనే ఉన్నాయి.

సోమవారం ఏడింటికి మెట్లెక్కితే వరండాలో పదకొండు మంది నిలబడి ఉన్నారు. పాటల బ్యాచ్‌కట! ముందురోజు స్కోప్ అడిగినతను కూడా ఉన్నాడు. స్కోప్ లేదని చెప్పాను కదయ్యా అంటే, "ఏడింటికి ఖాళీయే మేడం, నా క్లాసు పదింటికి" అన్నాడు. వాళ్లని నవ్వుతూనే పంపించేద్దామని ఆఫీసు గదిలోకి తొంగి చూశాను. అన్న ఎదురుగా నల్ల ఫ్రేము కళ్లద్దాలాయన కూర్చుని ఉన్నారు. ఒళ్లో కొత్త లాంగ్ నోట్‌బుక్, బల్ల మీద నింపిన అడ్మిషన్ ఫారం. అన్నకి ఆయనెవరో తెలియదు. ఎవరొచ్చినా అడిగేవే అడుగుతున్నాడు.

"ఏం చదివిండ్రు సార్?"

"తెలుగు ఎం.ఏ."

"బ్యాక్‌లాగులు, పాస్ గాని సబ్జెక్టులు ఏమన్న ఉన్నయా?"

ఆయన కాసేపు ఆలోచించారు. "ఒకటుంది నాయనా" అన్నారు.

అప్పుడు నన్ను చూసి లేచి నిలబడ్డారు. ఆయన, నన్ను చూసి! నిన్నటి ఫారం ఎక్కడ, ఏం రాశారు, నాది పాటా కాదా అని అడగాలని నోరు తెరిచాను. ఆయనే ముందు మాట్లాడారు. "నిన్న మీరు స్కోప్ లేదన్నారు చూశారూ, అది విన్నాక నాకు రాత్రంతా ఉక్కిరిబిక్కిరైంది. నా దగ్గర ఒక పాటుంది. నేను రాసిందే. ముప్పై ఏళ్లయింది. ఎవరికీ వినిపించలేదు, నాలాంటివాడు ఎవడో ఒకడు వింటాడని భయం. మీరు విని, పాటో కాదో చెప్పాలి."

క్లాసు రూములో పదకొండు మందీ కూర్చున్నారు. అన్న తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆయన బోర్డు ముందు నిలబడి కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని మొదలుపెట్టారు. గొంతు బొంగురు.

కిటికీ తీసేసరికి వాన ఆగిపోయింది
ఎవరి కోసం తీశానో వాళ్లకెవరు చెబుతారు

నాకు ఒళ్లు జలదరించింది. తర్వాత చరణం వచ్చింది. అందులో మేఘమాలికలు, మనోవల్లికలు, మందమారుతాలు, నిఘంటువులో ఉన్నవన్నీ బారులు తీరి వచ్చాయి. వెనక ఎవరో ఆవలించారు. ఆయన ముగించి నా వైపు తిరిగారు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ చెవుల్ని నేను గుర్తుపట్టాను. నావీ ఐదో ఆదివారం పేపర్ స్టాండు దగ్గర అలాగే ఎర్రబడి ఉంటాయి.

నాలిక చివర సిద్ధంగా ఉంది, పాఠం ఉంది పాట లేదు అని. ఎన్ని రాత్రులు ఆ మాటకి జవాబులు కూర్చుకున్నానో! అనేస్తే ఎంత హాయిగా ఉండేదో! నోరు రాలేదు. అబద్ధం చెప్పడానికీ రాలేదు, అంత నమ్మకంగా చూస్తున్నారాయన. ల్యాబులోంచి గిటార్ తెచ్చుకుని, ఆయన పాడిన శ్రుతి వెతికి పట్టుకుని, ఆయన పల్లవి నేను ఒకసారి పాడాను.

"ఇది పాటే సార్" అన్నాను. "చరణం ఇంకా పాట కాలేదు. మళ్లీ రాయాలి."

ఆయన నాలుగు వాక్యాలకి నేను వారం రోజులు తిండి మానేసిన మనిషిని. ఆయన వెళ్లి మొదటి బెంచీలో కూర్చుని, నోట్‌బుక్ తెరిచి, పెన్ను మూత తీసి, నేనన్న మాట అన్నట్టే రాసుకుని దాని కింద గీత గీశారు.

"రేపు కూడా ఏడింటికేనా మేడం?" అన్నారు.